టెక్ సందేహాలు: గేమింగ్ పీసీ కొనేముందు మానిటర్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఇంట్లోవాళ్లను ఒప్పించి గేమింగ్ పీసీ కోసం ఓ మోస్తరు బడ్జెట్ పెట్టించాను. రైజెన్ 7 9700ఎక్స్ ప్రాసెసర్, ఎక్స్870ఈ మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు నాలుగు, 360 ఎంఎం లిక్విడ్ కూలర్ అని రాసుకున్నాను. ఇవి పోను మిగిలిన డబ్బుకు 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 కార్డు వస్తోంది. మానిటర్ 1440పీ, 165 హెర్ట్జ్. ఎక్కువగా కథ ఉన్న పెద్ద గేములే ఆడతాను. ఈ లిస్టు ఓకేనా?

జవాబు: మీరు రాసుకున్నవన్నీ మంచి పార్టులే. కాకపోతే డబ్బంతా ప్రాసెసర్ చుట్టూ పోగుపడి, గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఖాళీ అయింది. అందుకే లిస్టును మానిటర్ నుంచి మొదలుపెట్టి మళ్లీ రాద్దాం.

1080పీ తెర మీద 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. మీరు కొనబోయే 1440పీలో 36,86,400. అంటే ప్రతి ఫ్రేముకూ (తెర మీద గీసే ఒక్కో బొమ్మకూ) గ్రాఫిక్స్ కార్డు దాదాపు ఒకటిముప్పావు రెట్లు పని చేయాలి. ప్రాసెసర్ పని మాత్రం పెద్దగా మారదు. శత్రువు ఎటు కదలాలి, గోడ కూలితే ముక్కలు ఎలా పడాలి, కార్డుకు ఏమేం గీయమని చెప్పాలి అనే లెక్కలు ఏ తెరకైనా దాదాపు ఒకటే. కాబట్టి 1440పీలో పెద్ద గేములు ఆడేటప్పుడు భారమంతా కార్డు మీదే పడుతుంది. ఆరు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు) ఉన్న రైజెన్ 5 7600 గానీ 9600ఎక్స్ గానీ మీకు హాయిగా సరిపోతుంది. తక్కువ సెట్టింగుల్లో 300 ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేముల లెక్క) కోసం పోటీ షూటర్లు ఆడేవారైతే నేను ప్రాసెసర్ మీదే ఎక్కువ పెట్టమని చెప్పేవాణ్ని.

ఇక 8 జీబీ సంగతి. నాకు అసలు టెన్షన్ దీని గురించే. ఆర్‌టీఎక్స్ 5060 తన సొంత మెమరీ నుంచి సెకనుకు 448 జీబీ వేగంతో డేటా తీసుకుంటుంది. కొత్త గేముల్లో టెక్స్చర్లు (గోడలు, బట్టల మీద కనిపించే పైపూత బొమ్మలు) హైలో పెట్టి రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా చూపే సెట్టింగు) ఆన్ చేస్తే ఆ 8 జీబీ నిండిపోతుంది. అక్కడ పట్టనిది కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే కార్డును బోర్డుతో కలిపే పీసీఐఈ దారిలో రావాలి. ఈ కార్డు వాడేది ఎనిమిది లేన్లే కాబట్టి పీసీఐఈ 5.0 బోర్డులో ఆ వేగం సుమారు 32 జీబీ, 4.0 బోర్డులో 16 జీబీ. ఎక్కడి 448, ఎక్కడి 16! ఆ తేడా మీకు తెర మీద కుదుపుగా కనిపిస్తుంది. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక ఫ్రేముకు 80 పట్టిందంటే సగటు పెద్దగా తగ్గదు, కన్ను మాత్రం వెంటనే పట్టేస్తుంది. అందుకే రివ్యూలు చూసేటప్పుడు సగటు అంకె దగ్గర ఆగిపోకుండా ‘1 శాతం లో’ (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) అని ఇచ్చే అంకె కూడా చూడండి. కొన్ని గేములు కుదుపు రాకుండా టెక్స్చర్లనే తగ్గించేస్తాయి. అప్పుడు ఎఫ్‌పీఎస్ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ గోడలు, బట్టలు మసకమసకగా కనిపిస్తాయి.

కాబట్టి 16 జీబీ కార్డుకు వెళ్లండి. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ రెండూ మీ బడ్జెట్ స్థాయిలో ఆలోచించదగ్గవి. కేవలం గేములే అయితే రెంటిలో ఏది తక్కువకు దొరికితే అది తీసుకోండి. బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్లు కూడా నేర్చుకోవాలని ఉంటే ఎన్‌విడియా వారి 5060 టీఐ వైపు మొగ్గండి. ఒక్క జాగ్రత్త: ఈ రెండూ అదే పేరుతో 8 జీబీలోనూ వస్తాయి. బిల్లు మీద, పెట్టె మీద 16 అనే అంకె కళ్లారా చూశాకే డబ్బు కట్టండి.

డబ్బు ఎక్కడినుంచి వస్తుందంటారా? మొదట కూలర్ తీసేయండి. రైజెన్ 5 7600 రిటైల్ పెట్టెలో కూలర్ కూడా వస్తుంది. దాని చప్పుడు నచ్చకపోతే ఒక మామూలు టవర్ ఎయిర్ కూలర్ చాలు. 65 వాట్ల ప్రాసెసర్‌కు 360 ఎంఎం లిక్విడ్ కూలర్ అక్కర్లేదు. మదర్‌బోర్డు కూడా బీ650 లేదా బీ850కి దించండి. ఎక్స్870ఈ చిప్‌సెట్ వల్ల గేములో ఒక్క ఎఫ్‌పీఎస్ కూడా పెరగదు. అది ఇచ్చేది అదనపు పోర్టులు, స్లాట్లు. బోర్డులో మీరు చూడాల్సింది రెండు ఎం.2 స్లాట్లు (ఎస్‌ఎస్‌డీ పెట్టే చోట్లు), ప్రాసెసర్ పక్కన మంచి హీట్‌సింక్, వీలైతే వెనక బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకునే ఫ్లాష్‌బ్యాక్ బటన్. ఈ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్‌ను 2027 తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. అంతకుముందరి ఏఎం4తో ఇదే జరిగింది: 2017 నాటి బోర్డులు చాలావాటిలో బయోస్ అప్‌డేట్ చేసి 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్ వేసుకున్నారు. కనుక ప్రాసెసర్ చాలకపోతే ముందుముందు మార్చుకోవచ్చు. ఇప్పుడే ఎనిమిది కోర్లకు ఉరుకులు పరుగులు అక్కర్లేదు.

ర్యామ్ 32 జీబీ సరైన నిర్ణయమే, కానీ నాలుగు స్టిక్కులు వద్దు. ఏఎం5లో నాలుగు స్లాట్లూ నిండితే మెమరీ వేగాన్ని తగ్గించాల్సి వస్తుంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు నాలుగు స్టిక్కులతో ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం 3600 మాత్రమే. 16 జీబీవి రెండు, డీడీఆర్5-6000, సీఎల్30 అని రాసి ఉన్న జత కొనండి. ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయడం మరవద్దు. చేయకపోతే 6000 ర్యామ్ కూడా 4800 దగ్గరో 5600 దగ్గరో నడుస్తుంది. కొన్న వేగం కొన్నట్టే పడి ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ మీరు రాయలేదు. జెన్ 4 ఎన్‌వీఎంఈ, 1 టీబీ, టీఎల్‌సీ రకం. జెన్ 5 వద్దు, గేములు లోడ్ కావడంలో తేడా తెలియదు.

ప్రశ్న: పాత కంప్యూటర్‌లోని 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు విద్యుత్తు ఇచ్చే పెట్టె) ఏడేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది. కొత్త గేమింగ్ పీసీకి దాన్నే వాడుకుంటే ఆ మేరకు డబ్బు మిగులుతుంది కదా? కార్డుకు కావలసిన 8 పిన్ కేబుల్ అందులో లేదు గానీ సాటా (డ్రైవులకు పవర్ ఇచ్చే కేబుల్) నుంచి మార్చే కన్వర్టర్ దొరుకుతోంది.

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. డబ్బు మిగిలించాలన్న మీ ఆలోచన నాకు అర్థమైంది. కానీ మొత్తం కంప్యూటర్‌లో పొదుపు చేయకూడని పార్టు ఏదైనా ఉందంటే అది ఇదే. మిగతా ఏ పార్టు పాడైనా సాధారణంగా అదొక్కటే పోతుంది. ఎస్‌ఎంపీఎస్ చెడ్డగా పోతే బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోగలదు.

ముందు ఆ కన్వర్టర్ లెక్క చూడండి. 8 పిన్ కనెక్టర్ ద్వారా కార్డు 150 వాట్ల దాకా లాగవచ్చు. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు ఉండేవి మూడు సన్నని పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు. మొత్తం 54 వాట్లు. 54 వాట్ల దారిలో 150 వాట్లు పంపితే ప్లాస్టిక్ కరుగుతుంది, ఒక్కోసారి మంటలు కూడా రావచ్చు. అది ఎవరు అమ్మినా సరే, కొనవద్దు.

పాత యూనిట్ విషయానికొస్తే, లోపలి కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ, వేడికి, బలహీనపడతాయి. ఇన్నాళ్లూ తేలికైన పని చేసింది కాబట్టి ఆ బలహీనత బయటపడలేదు. కొత్త కార్డులు సెకనులో వెయ్యోవంతు సేపు తమ మామూలు వాట్ల కంటే బాగా ఎక్కువ లాగుతాయి. గేము మంచి పట్టులో ఉండగా కంప్యూటర్ ఠక్కున ఆరిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 180, మిగతావన్నీ కలిపి ఇంకో 70, 80 అనుకుందాం. మొత్తం 350 దాటదు. అయినా మంచి 650 వాట్లది తీసుకోమంటాను. ఆ ఉరుకుడు తట్టుకుంటుంది, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, రేపు పెద్ద కార్డు వేసినా మార్చక్కర్లేదు. ‘80 ప్లస్’ ముద్ర విద్యుత్తు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది. లోపలి పార్టుల నాణ్యతకు అది హామీ కాదు. కాబట్టి ఆ మోడల్‌ను విప్పి చూపించి పరీక్షించిన రివ్యూ ఒకటైనా చదవండి. వారంటీ ఎన్నేళ్లో చూడండి. లేబుల్ మీద 12 వోల్టుల వరుసలో ఉన్న వాట్లు మొత్తం వాట్లకు దగ్గరగా ఉండాలి. ఏటీఎక్స్ 3.1 (ఎస్‌ఎంపీఎస్‌ల కొత్త ప్రమాణం) అని ఉంటే మరీ మంచిది. కొత్తది మాడ్యులర్ (కేబుళ్లు విడదీయగల) రకమైతే పాత కేబుళ్లను దానికి తగిలించకండి. పట్టినట్టే ఉంటాయి గానీ పిన్నుల వరుస కంపెనీకో తీరుగా ఉంటుంది. తప్పు తీగలో 12 వోల్టులు వెళ్తే డ్రైవులు కాలిపోతాయి.

ప్రశ్న: స్నేహితుడు తన ఐ5-13600కే ప్రాసెసర్‌ను బోర్డుతో సహా తక్కువకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వేగంలో దానికి వంక పెట్టడానికి లేదు. కానీ ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నిటిలో వోల్టేజీ ఎక్కువై చిప్ క్రమంగా దెబ్బతినే సమస్య బయటపడింది. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంటెల్ బయోస్ ద్వారా వేసుకునే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. మీరడిగిన మోడల్ ఆ సమస్య ఉన్నవాటి జాబితాలో ఉంది. అప్‌డేట్ ఇకపై జరిగే నష్టాన్ని ఆపుతుంది తప్ప, ఇప్పటికే జరిగినదాన్ని బాగుచేయలేదు.

అందుకే మీ స్నేహితుణ్ని రెండు విషయాలు అడగండి. బయోస్ ఎప్పుడు అప్‌డేట్ చేశారు? వారంటీకి కావలసిన బిల్లు ఉందా? తర్వాత ఆ కంప్యూటర్ మీదే ఒక పెద్ద గేము ఇన్‌స్టాల్ చేసి, మొదటిసారి షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేదాకా కూర్చోండి. ప్రాసెసర్ దెబ్బతిని ఉంటే చాలాసార్లు అక్కడే గేము మూసుకుపోతుంది. విచిత్రమేమిటంటే, తప్పు ప్రాసెసర్‌దే అయినా ‘వీడియో మెమరీ చాలదు’ అని మెసేజ్ వస్తుంది. పాపం చాలామంది అది చూసి గ్రాఫిక్స్ కార్డులు మార్చుకున్నారు. పెద్ద జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు ఎర్రర్లు వచ్చినా దాన్ని కొనకండి. అన్నీ బాగుంటే తీసుకోవచ్చు. కాకపోతే అది కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ 14వ తరంతోనే ఆగిపోయింది, తర్వాతి కోర్ అల్ట్రా 200 ప్రాసెసర్లు అందులో పట్టవు. ధర మాట్లాడుకునేటప్పుడు ఆ సంగతి కూడా లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: పార్టులన్నీ బిగించి ఆన్ చేశాను. ఏఎం5 బోర్డు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. బోర్డు పోయిందా?

జవాబు: కంగారుపడి స్విచ్ ఆపేయకండి. డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు మొదటిసారి పరీక్షించుకుంటూ సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సేపు తెర మీద ఏమీ రాదు. పదిహేను నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే మానిటర్ కేబుల్ బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించారా, 8 పిన్ ప్రాసెసర్ పవర్ కేబుల్ పెట్టారా అన్నవి చూడండి. ఆ తర్వాత ఒకే ర్యామ్ స్టిక్‌ను రెండో స్లాట్‌లో ఉంచి ప్రయత్నించండి. బోర్డు మూలన తప్పు ఎక్కడుందో చూపే చిన్న డీబగ్ లైట్లు ఉంటాయి, ఏది వెలుగుతోందో చూసి రాయండి. బొమ్మ వచ్చాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ (తెర సెకనుకు ఎన్నిసార్లు మారాలో చెప్పే అంకె) మార్చుకోండి. అది చాలాసార్లు 60 హెర్ట్జ్ దగ్గరే ఉండిపోతుంది.