బి.ఫార్మసీ అమ్మాయి రాతపని అంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బి.ఫార్మసీ మూడో సంవత్సరం. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ కంపెనీలో ప్రొడక్షన్ వైపు వెళ్లనంటోంది. రాయడమంటే ఇష్టమట, డిగ్రీ అయ్యాక జర్నలిజం పీజీ చేస్తుందట. నేను అమీర్‌పేటలో మూణ్ణెల్ల కంటెంట్ రైటింగ్, డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చూశాను. 100 శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు. మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో 12 లక్షల ప్యాకేజీలో ఉన్నాడు. ఏఐ వచ్చాక రాసేవాళ్లకు ఉద్యోగాలుండవని వాడే చెప్పాడు. కోర్సా, పీజీనా? ఏది మేలు?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఈ ఉత్తరం నాకు ప్రతి వేసవిలో వస్తుంది. ఊళ్లు, కోర్సుల పేర్లు మారతాయి. అడిగేది మాత్రం ఒకటే: రేపు మేం లేకపోయినా పిల్ల తన కాళ్ల మీద తను నిలబడుతుందా? నిలబడుతుందండీ. ముందు కాస్త కుదుటపడండి, మిగతాది మాట్లాడుకుందాం.

మీరు చూసిన కోర్సు మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఇలాంటి చోట ఎక్కువగా నేర్పేది ఏమిటి? ‘ఎండాకాలంలో చర్మం కాపాడుకోవడానికి పది చిట్కాలు’ లాంటి వ్యాసం, మధ్యలో నాలుగైదు చోట్ల కీవర్డు (జనం గూగుల్‌లో వెతికే మాట) ఇరికించడం, మాటకింత అని డబ్బులు తీసుకోవడం. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక మొదట దెబ్బతిన్నది సరిగ్గా ఈ పనే. అంతవరకు మీ బావమరిది కొడుకు చెప్పింది నిజం. (తన ఆఫీసులో కొత్తవాళ్లు రాసే కోడ్‌ని కూడా అదే ఏఐ రాస్తోందన్న సంగతి ఆ అబ్బాయి మీతో అన్నట్టు లేదు.)

100 శాతం ప్లేస్‌మెంట్ అన్నవాళ్లను పోయిన బ్యాచ్ ఆఫర్ లెటర్లు చూపించమనండి. అందులో హోదా ఏమని ఉందో చదవండి. టెలీకాలింగ్ కూడా ప్లేస్‌మెంటే, జీతం లేని ఇంటర్న్‌షిప్ కూడా ప్లేస్‌మెంటే. ఇంకో పని చేయండి. మీ అమ్మాయి రాసిన ఒక పేజీ ఇచ్చి, దిద్ది ఇవ్వమనండి. రాయడం నేర్చుకోవాలంటే దిద్దే మనిషి ఉండాలి. అక్కడ అలాంటి మనిషి లేకపోతే గుమ్మం దాటి వచ్చేయండి.

ఇక కొంచెం కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో బావమరిది కొడుకు ప్యాకేజీ అంకెతో సహా ఉంది. అమ్మాయి ఏం రాస్తుందో, కథలా, వ్యాసాలా, తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా, ఒక్క ముక్క లేదు. మీరెప్పుడైనా తను రాసింది చదివారా? చదవకుండానే కోర్సు వెతకడానికి అమీర్‌పేట దాకా వెళ్లారు!

మీ అమ్మాయి దగ్గర ఉన్నదీ, జర్నలిజం క్లాసులో కూర్చునే చాలామంది దగ్గర లేనిదీ ఒకటుంది: ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే చదువు. మందుల కంపెనీల్లో, వాటి తరఫున ట్రయల్స్ (మనుషుల మీద మందుల పరీక్షలు) చేసే సీఆర్వోలనే సంస్థల్లో మెడికల్ రైటర్లని ఉంటారు. ట్రయల్ ముగిశాక ఇచ్చే క్లినికల్ స్టడీ రిపోర్టు రాసేది వాళ్లే. దాన్ని ఎలా రాయాలో చెప్పే ఐసీహెచ్ ఈ3 అనే అంతర్జాతీయ పద్ధతి 1995 నుంచి ఉంది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫార్మకోవిజిలెన్స్‌లో, అంటే మందుల దుష్ప్రభావాలను కనిపెట్టి చూసే విభాగంలో, కేస్ నరేటివ్‌లు రాస్తారు: రోగి వయసెంత, మందు ఎప్పుడు మొదలైంది, దద్దుర్లు ఎన్నో రోజు వచ్చాయి, మందు ఆపాక తగ్గాయా లేదా. బి.ఫార్మసీ వాళ్లను ఈ పనికి ఫ్రెషర్లుగానే తీసుకుంటారు. హైదరాబాద్‌లో ఈ ఉద్యోగాలున్నాయి. మన దేశంలో ట్రయల్‌లో చేరే మనిషికి అతనికి అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అంటే తెలుగు బాగా వచ్చినవాళ్లకీ అక్కడ పనుంది.

ఆ పని ఎలా ఉంటుందో చిన్న ముక్క చూపిస్తాను. ‘నొప్పి ఉన్నప్పుడు అవసరాన్ని బట్టి ఒక మాత్ర వేసుకోవాలి.’ చదవడానికి ఏ లోపమూ లేదు కదా? రోజుకు ఎన్ని మాత్రలు మించకూడదు? రెండు మాత్రల మధ్య ఎన్ని గంటల ఎడం ఉండాలి? పరగడుపున వేసుకోవచ్చా? మూడు రోజులైనా తగ్గకపోతే ఏం చేయాలి? పేషెంటు ఇప్పటికే బీపీ మాత్ర వాడుతుంటే? ఈ ప్రశ్నలు తట్టినవాళ్లే రైటర్లు. నున్నటి వాక్యం ఏఐ క్షణంలో ఇస్తుంది. పట్టికలో ముగ్గురికి వాంతులైతే రిపోర్టులో నలుగురని పడిందేమో సరిచూసి, ఇది సరైనదేనని పూచీ పడాల్సింది మాత్రం మనిషే.

ఇక మీ అమ్మాయి అడిగే జర్నలిజం పీజీ సంగతి. ఉస్మానియాలో ఆ విభాగం 1954 నుంచి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉన్నాయి. ఎంట్రన్స్‌ల వివరాలు మీ అమ్మాయికి ఈపాటికే తెలిసి ఉంటాయి. మంచి చోట సీటొస్తే మనుషుల్ని ప్రశ్నలడగడం, గడువులోగా రాసివ్వడం వస్తాయి. మొదటి జీతాలు మాత్రం తక్కువ, డెస్కులో రాత్రి షిఫ్టులు ఉంటాయి. తెలిసే వెళ్తానంటే వెళ్లనివ్వండి. బి.ఫార్మసీ పట్టా ఎక్కడికీ పోదు. హెల్త్ రిపోర్టింగ్‌లో మందుల గురించి తెలిసి రాసేవాళ్లు మనకు తక్కువే.

ఈ ఏడాది డిగ్రీ ఆపొద్దు. గూగుల్ వాళ్ల టెక్నికల్ రైటింగ్ పాఠాలు ఉచితమే, సెలవుల్లో పూర్తిచేయమనండి. ఇంట్లో ఉన్న మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే సమాచార కాగితాలు తీసి, మీ అమ్మగారికో అత్తగారికో అర్థమయ్యేలా తెలుగులో తిరగరాయమనండి. తను రాసినవి తన లెక్చరర్ ఒకరికి చూపించాలి. ఆఖరి సంవత్సరం ముగిసేలోపు అలాంటివి ఓ అయిదు చేతిలో ఉంటే, ఇంటర్వ్యూలో మూణ్ణెల్ల సర్టిఫికెట్ కన్నా అవే ముందు చూస్తారు. పీజీ మాట అప్పుడు తేల్చుకోవచ్చు.

కోర్సుకి ఫీజు కట్టానని మీరు రాయలేదు కాబట్టి కట్టలేదనే అనుకుంటున్నాను. అడ్వాన్సు ఇచ్చి ఉంటే మాత్రం రసీదు పట్టుకెళ్లి ఈ వారమే వెనక్కి అడగండి.