డాబా మీదికి పెనమా, గ్రిల్లా?

హన్మకొండలో డాబా మీద ఆదివారం వంటకు కింద గ్యాస్ బర్నర్లుండే పెద్ద ఇనుప పెనం కొనాలా, గ్యాస్ గ్రిల్ కొనాలా అని అడిగారు కదా అన్నా. ఇంట్లో ఆరుగురు, పొద్దున దోశలు, సాయంత్రం చికెన్ అన్నారు. అట్లయితే పెనమే తీసుకోండి.

గ్రిల్ ఊచల మీద దోశ పోయలేరు, గుడ్డు కొట్టలేరు, తరిగిన ఉల్లిగడ్డ కింద పడిపోతుంది. పెనం మీద ఓ పక్క దోశ పోస్తూ, ఇంకో పక్క సన్న మంట మీద సర్వపిండి మూత పెట్టి కాల్చుకోవచ్చు. చేప ముక్క కూడా విరగదు. గ్రిల్‌కున్న గొప్ప ఒక్కటే, కొవ్వు కింద వేడి మీద పడితే లేచే పొగ వాసన. కానీ అదే కొవ్వుకు మంట భగ్గుమంటుంది, పక్కనుంచి కదలలేరు.

పెనంతో తిప్పలు వానాకాలంలోనే. నేనోసారి కడిగి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు! రుద్ది, పల్చగా నూనె పూసి పొగ వచ్చేదాకా కాల్చడం నాలుగుసార్లు చేశాక మళ్లీ నల్లబడింది.

కొనేముందు బర్నర్ తక్కువ ప్రెషర్‌దా, ఎక్కువ ప్రెషర్‌దా అడగండి. ఇంటి 14.2 కిలోల సిలిండర్ రెగ్యులేటర్ తక్కువ ప్రెషర్‌ది, దానికి తక్కువ ప్రెషర్ బర్నరే సరిపోతుంది. మక్కకంకులకంటారా, చిన్న బొగ్గుల కుంపటి చాలు.