వాకిలంటే ఏమిటో ఆమెనే చెప్పనివ్వు

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. పల్లె వదిలి కొడుకు అపార్ట్‌మెంటుకు వచ్చిన ఆ పెద్దావిడ నాకు బాగా నచ్చింది. అయితే ఆమె "ఇక్కడ వాకిలి లేదు" అనగానే నువ్వు బ్రాకెట్టు తెరిచి "ఇంటి ముందు ఖాళీ స్థలం" అని రాసి మూసేశావు. చేతికందిన సన్నివేశాన్ని అక్కడే జారవిడిచావు.

వాకిలి అన్న మాట అన్ని చోట్లా ఒకటి కాదు. కొందరికి అది గుమ్మం, ద్వారం. ఇంకొందరికి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టే నేల. నీ కథలో కోడలిది వేరే జిల్లా కదా! ఆమె తలుపు చూపించి "ఇదిగో వాకిలి, లేకపోవడమేమిటి అత్తయ్యా?" అని ఉంటే? అప్పుడు పెద్దావిడ "వాకిలంటే తలుపు కాదమ్మా. పొద్దున్నే చీపురు పట్టుకుని నిలబడితే దారిన పోయేవాళ్ళు పలకరించాలి" అంటుంది. మాటకు అర్థం చెబుతున్నట్టే ఉంటుంది గానీ, ఇక్కడ తనను ఎవరూ పలకరించడం లేదని చెప్పుకుంటోంది. ఆ సంగతి నీ బ్రాకెట్టులో పట్టదు.

మన 'అంటే' ఎంత పని చేస్తుందో చూడు. 'అను' అనే క్రియ నుంచే వచ్చింది. "ఇల్లంటే ఏమిటి?" అని పిల్లవాడు అడిగితే అర్థం కోసం. "ఇల్లంటే అదీ!" అని ముసలాయన అంటే తీర్పు. "ఇదీ ఒక ఇల్లేనా?" అనే మనిషికి ఆ మాట తెలియక కాదు, దాన్ని ఈ గదులకు ఇవ్వడం ఇష్టం లేదు. వ్యాఖ్యాతల 'అనగా', కథలు చెప్పే అమ్మమ్మల 'అనగనగా' కూడా ఆ క్రియ పిల్లలే. ఇన్నేళ్ళు రాస్తూ నేను దాన్ని ఆలస్యంగా గమనించాను, సిగ్గుగానే ఉంది.

మాటను ఎంత గట్టిగా పట్టుకోవాలో కూడా మనవాళ్ళు మాటలతోనే చెబుతారు. 'అక్షరాలా' అంటే బిగించినట్టు, 'ఒకరకంగా' అంటే వదులు చేసినట్టు. "మాటవరసకు రమ్మన్నాను" అన్న బంధువు, పిలిచిన పిలుపునే వెనక్కి తీసుకుంటాడు.

ప్రతి పేజీలోనూ ఇలా అర్థాలు తవ్వించకు, విసుగొస్తుంది. ఈ కథకు ఒక్క వాకిలి చాలు. బ్రాకెట్టు కొట్టేసి ఆ పేజీ తిరగరాసి పంపు. కోడలి చేత మాత్రం వెంటనే ఒప్పించకు.