ప్రొటీన్ డబ్బా వెనక సీసాలు ఏంటో ముందు చూడండి

ప్రశ్న: మేడమ్, నాకు 31, ఆయనకి 35, పెళ్లై నాలుగున్నరేళ్లు. నా పీరియడ్స్ కరెక్టుగానే వస్తాయి, థైరాయిడ్ లేదు, ట్యూబులు బ్లాక్ లేవని ఎక్స్‌రేలో తేలింది, ఏఎంహెచ్ (గుడ్ల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 1.8. ఆయన వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకి 40 లక్షలే ఉందని ఐవీఎఫ్ చేశారు. 12 గుడ్లు తీస్తే 9 పనికొచ్చాయి, 6 పిండాలయ్యాయి, ఐదో రోజుకి 3 మిగిలాయి. ఒకటి పెట్టారు, రెండు ఫ్రీజ్ చేశారు. రెండు వారాలకి బీటా టెస్ట్ (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) నెగెటివ్. పిండం పెట్టిన మూడో రోజు మేడెక్కి బట్టలు ఆరేశా, అందుకే జారిపోయిందని అత్తయ్య అంటున్నారు. ఆయనేమో నాకేం లోపం అంటూ రోజూ జిమ్‌కి పోతారు, కోచ్ ఇచ్చే ఇంజెక్షన్లు రెండేళ్లుగా చేయించుకుంటున్నారు, బాడీ చూస్తే కౌంట్ తక్కువంటే ఎవరూ నమ్మరు. నా గాజులు బ్యాంకులో పెట్టి డబ్బు కట్టాం. మళ్లీ మొదట్నుంచీ చేయించుకోవాలా?
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ బట్టల సంగతి తేల్చేద్దాం. గర్భసంచి ఖాళీ కుండలా ఉండదు, కొత్త నోటుబుక్కులో పేజీల్లా ముందు గోడా వెనక గోడా అంటుకునే ఉంటాయి, పిండం ఆ మధ్యలో ఉంటుంది, మెట్లెక్కితేనో తుమ్మితేనో జారి కింద పడేది కాదు. మంచం దిగకుండా పడుకున్నా ఛాన్స్ ఏమీ పెరగదు. చూడ్డానికి చక్కగా ఉన్న పిండం కూడా అతుక్కోకపోవడానికి ఎక్కువసార్లు కారణం లోపల క్రోమోజోముల్లో తేడా, అది మీ చేతుల్లోదీ కాదు అత్తయ్య చేతుల్లోదీ కాదు. 12 నుంచి 3కి వచ్చాయని కూడా బెంగ పెట్టుకోకండి, ఐవీఎఫ్‌లో మెట్టు మెట్టుకీ కొన్ని రాలిపోవడం మామూలే, 31 ఏళ్లకి 12 గుడ్లంటే మీ అండాశయాలు బాగానే పనిచేశాయి.

ఇక మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న లైను ఒకటుంది, మీరేమో మాటవరసకి రాసేశారు. కోచ్ ఇచ్చే ఇంజెక్షన్లు. అవి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను అయితే (జిమ్ ఇంజెక్షన్లు అనగానే నాకు ముందొచ్చే అనుమానం అదే) సగం కథ అక్కడే ఉంది. బయట్నుంచి ఆ హార్మోను ఎక్కితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి "సరిపడా ఉందిలే" అనుకుని వృషణాలకి సిగ్నల్ పంపడం మానేస్తుంది, సిగ్నల్ లేకపోతే లోపల వీర్యకణాల తయారీ పడిపోతుంది, కొందరికి పూర్తిగా సున్నా అయిపోతుంది. కండలు పెరుగుతాయి, కౌంట్ తరుగుతుంది. మామూలుగా మిల్లీలీటరుకి కనీసం 1 కోటి 60 లక్షలు ఉండాలి. ఆస్పత్రిలో ఈ ఇంజెక్షన్ల గురించి అడిగి ఉండకపోవచ్చు, అడిగినా మీవారు చెప్పి ఉండరు, ప్రొటీన్ పౌడర్ అంటారుగానీ ఇంకోటి అనరు, నా దగ్గరకొచ్చే మగవాళ్లలో ఇది చాలాసార్లు చూశా.

మంచి సంగతేంటంటే చాలామందికి ఇది ఆపితే తిరిగొస్తుంది. ఒక వీర్యకణం తయారవడానికే సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి వచ్చే వారమే రిపోర్ట్ మారిపోదు, కొందరికి ఆరు నెలలు, ఏడాది, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. ఆయన యూరాలజిస్ట్‌నో, మగవాళ్ల సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్ట్‌నో కలిసి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (పిట్యూటరీ పంపే ఆ సిగ్నళ్లే ఇవి), టెస్టోస్టెరాన్ రక్తపరీక్షలు చేయించుకుని వాళ్లు చెప్పినట్టే ఆపాలి, ఆపేశాక వేసుకో అని అదే కోచ్ ఇచ్చే ఇంకో మాత్ర మాత్రం వద్దు. వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉందేమో కూడా ఆ డాక్టరే చేత్తో చూస్తారు. మూడు నెలలకి మళ్లీ సెమెన్ టెస్ట్, శాంపిల్‌కి ముందు 2 నుంచి 7 రోజులు వీర్యం బయటికి పోకుండా గ్యాప్ ఉండాలి.

మీ విషయానికొస్తే మొదట్నుంచీ అవసరం లేదమ్మా, రెండు పిండాలున్నాయి కదా! వాటికి ఆయన ఇవాళ్టి కౌంట్‌తో పని లేదు. గుడ్ల కోసం మళ్లీ పది పన్నెండు రోజుల ఇంజెక్షన్లు, మత్తిచ్చి గుడ్లు తీయడం ఏవీ ఉండవు, గర్భసంచి పొరని సిద్ధం చేసి పెడతారు, ఖర్చు కూడా ఇంతకంటే బాగా తక్కువే. గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు, ఇస్తామన్న చోట ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. ట్యూబులు బాగున్నాయి, వయసుంది, ఆయన కౌంట్ పుంజుకుంటే ఇంట్లోనే నెల తప్పినా నాకేం ఆశ్చర్యం ఉండదు, కానీ మీకు 35 దాటేదాకా దానికోసమే ఎదురుచూడమని మాత్రం చెప్పను.

ఈసారి అపాయింట్‌మెంట్‌కి ఇద్దరూ వెళ్లండి. బీరువాలోనో ప్రొటీన్ డబ్బా వెనకో ఆ సీసాలు ఉంటాయి, లేబుల్ కనపడేలా ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మీరే చూపించండి.