క్లెమెన్స్‌కు ఆ గౌరవం దక్కాలా?

ప్రశ్న: రోజర్ క్లెమెన్స్ అంతటి పిచ్చర్‌కు (బంతి విసిరే ఆటగాడికి) బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు లేదని అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి బాధపడుతున్నాడు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: న్యాయం కాదనే మా అభిప్రాయం. 354 విజయాలు, 4,672 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం), ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏడుసార్లు అందుకున్న ఘనత ఆయనది. 1986లో సియాటిల్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో 20 స్ట్రైకౌట్లు సాధించి, గురి తప్పిన బంతులతో ఒక్క బ్యాటర్‌కు కూడా ఉచితంగా బేస్ (పరుగు దారిలోని మజిలీ) ఇవ్వలేదు. పదేళ్ల తరువాత డెట్రాయిట్ మీద సరిగ్గా అదే పని మళ్లీ చేసి చూపించాడు.

ఆయన నిషిద్ధ ఉత్ప్రేరకాలు వాడాడని బేస్‌బాల్‌లో అలాంటి మందుల వాడకంపై వచ్చిన 2007 నాటి మిచెల్ నివేదిక పేర్కొంది. ఆయన దాన్ని ఖండించాడు. అమెరికా కాంగ్రెస్ ఎదుట అబద్ధమాడాడన్న కేసులో 2012లో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. అయినా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటుకు క్రీడా రచయితల ఓటింగులో 75 శాతం రావలసి ఉండగా, చివరి అవకాశమైన 2022లో 65.2 శాతమే వచ్చింది.

ఆటలో మోసాన్ని క్షమించరాదనే వారి ఆవేదనను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ నివేదికలోని ఆరోపణలు 1998 నుంచి మొదలవుతాయి. అప్పటికే ఆయన ఖాతాలో 213 విజయాలు, నాలుగు సై యంగ్ అవార్డులు ఉన్నాయి కనుక, ఆ తరువాతి ఆటనంతా పక్కన పెట్టినా ఆయన అర్హుడే.