మార్కులు తగ్గాయి సరే, సీనియర్ అక్కను అడిగిందా?

ప్రశ్న: మా అమ్మాయి వేరే రాష్ట్రంలో ఎన్‌ఐటీలో బీటెక్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఇంటర్‌లో వెయ్యికి 970 దాటాయి. మొన్న మిడ్‌సెమ్‌లో మ్యాథ్స్‌లో 30కి 11 వచ్చాయి. కాలేజీవాళ్లు మూడో సంవత్సరం అమ్మాయిని మెంటర్‌గా ఇచ్చారు. తను పలకరిస్తే మా అమ్మాయి ‘ఓకే అక్కా’ అంటుంది తప్ప ఏమీ అడగదు. సీనియర్లంటే మాకూ ర్యాగింగ్ భయం. ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టించమంటారా?
– ఒక తండ్రి, పార్వతీపురం

జవాబు: ట్యూషన్ ఇప్పుడే వద్దండి. ముందు ఆ 11 అంటే ఏమిటో తేలాలి. ఇలాంటి సంస్థల్లో చాలాచోట్ల రిలేటివ్ గ్రేడింగ్ ఉంటుంది. అంటే క్లాసంతా ఎలా రాశారో చూసి గ్రేడు ఇస్తారు. క్లాసు సగటు 9 అయితే మీ అమ్మాయి బాగానే రాసినట్టు. 20 అయితే వెనకబడినట్టు. వెయ్యికి 970 చూసిన కళ్లకు 11 అంటే ఫెయిలే అనిపిస్తుంది. ఆ సబ్జెక్టు రెండేళ్ల కిందట చదివి బయటపడిన సీనియర్‌ని అడిగితే, అక్కడ 11 అంటే ఎంతో రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. ట్యుటోరియల్ షీట్లలో (సాధన కోసం ఇచ్చే లెక్కల కాగితాలు) ఏవి చేసి తీరాలి, పాత పేపర్లు ఎవరి దగ్గరున్నాయి, హాజరు తగ్గితే ఏమవుతుంది, ఇవన్నీ ఆమెకు అనుభవం మీద తెలిసినవే. ట్యూషన్ సారుకు ఇవి తెలియవు.

మరి మీ అమ్మాయి ఎందుకు అడగదు? ఇంటర్ రెండేళ్లూ మన పిల్లలు ర్యాంకును బట్టి సెక్షన్లు మారే చోట చదువుతారు. పక్క బెంచీవాళ్లు పోటీదారులు, డౌటు అడిగితే తక్కువైపోతాం అన్న భావన అక్కడే నాటుకుంటుంది. నా దగ్గరికి వచ్చే మొదటి సంవత్సరం పిల్లల్లో తెలివి తక్కువైనవాళ్లు నాకు కనపడరు, నోరు విప్పలేనివాళ్లే కనిపిస్తారు. వాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

‘అక్కా, హెల్ప్ చేయండి’ అంటే ఆ అక్కకూ ఏం చేయాలో తోచదు. అడిగేది చిన్నదిగా ఉండాలి. ‘అక్కా, మిడ్‌సెమ్‌లో 11 వచ్చాయి, మీ అప్పుడు సగటు ఎంత ఉండేది? నాలుగో షీటులో ఆగిపోయాను, ఆదివారం అరగంట కూర్చుంటారా?’ ఇంతే. ఆ అక్క తెలుగు అమ్మాయి కాకపోతే వచ్చిన ఇంగ్లిష్‌లోనే రాయమనండి, తప్పులు ఎవరూ లెక్కపెట్టరు. ఇద్దరికీ పొసగకపోతే కోఆర్డినేటర్‌కి చెప్పి మెంటర్‌ని మార్చమని అడగొచ్చు.

ర్యాగింగ్ భయం సహజమే. యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లోనే కొత్త విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి అధ్యాపకులకు అప్పగించమని ఉంది. మెంటర్ పద్ధతికీ ఉద్దేశం అదే, కొత్తగా వచ్చినవాళ్లు ఒంటరి కాకూడదని. సంస్థ ఇచ్చిన జాబితాలో పేరున్న అమ్మాయి, పగటిపూట లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో కలిస్తే భయం లేదు. అర్ధరాత్రి రూముకు రమ్మనేవాళ్లు, పనులు చెప్పేవాళ్లు ఎవరైనా సరే, వెంటనే ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చేయండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మెంటర్ కూడా ఇరవై ఏళ్ల పిల్లే. మీ అమ్మాయి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, ‘నేనెందుకూ పనికిరాను’ అంటున్నా ఆ బరువు ఆ పిల్ల మీద పెట్టకూడదు. క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ వారం ఫోన్లో మార్కుల మాట ఎత్తకండి. ‘అక్క ఏమందమ్మా?’ అని అడగండి. రెండుసార్లు కలిశాక కూడా సబ్జెక్టు ఎక్కడం లేదంటే మళ్లీ రాయండి, ట్యూషన్ సంగతి అప్పుడు చూద్దాం.