మనవరాలు కొట్టుగదిలో ఎందుకు పడుకుంటోంది?

మేడమ్, మాది కోనసీమలో అమలాపురం దగ్గర ఒక ఊరు. నాకు 62 ఏళ్ళు. మా అబ్బాయి చదువుకోడానికి ఉక్రెయిన్ వెళ్ళి, ఖార్కివ్‌లో మన పిల్లలకి మెస్ నడుపుకుంటూ అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. 2022లో యుద్ధం మొదలవగానే నాలుగేళ్ళ పాపతో ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చేశారు. రెండున్నరేళ్ళు హైదరాబాద్‌లో పదకొండో అంతస్తులో ఉన్నారు. అక్కడ పాప నిద్రపోయేది కాదు. మెట్రో ఎక్కిస్తే ‘ఇది పైన ఎందుకుంది, కిందకి ఎలా దిగుతాం’ అని అడిగింది. పల్లెటూరి గాలి తగిలితే అన్నీ సర్దుకుంటాయని నేనే పట్టుబట్టి ఊరికి తీసుకొచ్చాను. ఏడాది కావస్తోంది.

పాప మంచం మీద పడుకోదు. అర్ధరాత్రి లేచి చాప ఈడ్చుకుంటూ కిటికీ లేని కొట్టుగదిలోకి పోయి బియ్యం డబ్బా పక్కన పడుకుంటుంది. కొబ్బరి దింపు రోజున కాయలు పడుతుంటే చెవులు మూసుకుని మంచం కింద దూరుతుంది. ఈమధ్య మళ్ళీ పక్క తడుపుతోంది. కోడలు మంచి పిల్ల, పల్లెత్తు మాట అనదు. కానీ రాత్రంతా ఫోను చూస్తూ కూర్చుంటుంది. వాళ్ళ అమ్మానాన్నలు ఇంకా అక్కడే ఉన్నారు. వచ్చిన కొత్తలో దొడ్లో రెండు సెంట్ల నేల గునపంతో తవ్వుతుంటే, ‘మట్టి పని నీకెందుకమ్మా, చూసినవాళ్ళు ఏమనుకుంటారు’ అని ఆపి అక్కడ మల్లె అంట్లు పెట్టించాను. పాప ఇప్పుడు చక్కటి గోదావరి తెలుగు మాట్లాడుతోంది, తల్లి తన భాషలో పలకరించినా తెలుగులోనే జవాబిస్తుంది. మావాడు ‘ఏం లేదమ్మా, బానే ఉన్నాం’ అంటాడు, రాత్రి చెరువు గట్టు నుంచి వచ్చేసరికి మందు వాసన వస్తుంది. కోడలి చేత ఫోను మాన్పించమంటారా? పాపని కొన్నాళ్ళు కాకినాడలో మా అమ్మాయి ఇంట్లో ఉంచి చదివిస్తే అన్నీ మర్చిపోతుందా? ఊరు తీసుకొచ్చి తప్పు చేశానా?

*

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ అడిగేలా చేసింది అదేనని నాకు అనిపిస్తోంది. మీరు తప్పు చెయ్యలేదు. జ్వరం పడ్డ మనిషికి పథ్యం ఎంత అవసరమో యుద్ధం చూసినవాళ్ళకి మీ పెరడు, మీ వంట, మీ ఇంట్లో ఒక పద్ధతిగా గడిచే రోజు అంత అవసరం. కాకపోతే మీరు పథ్యాన్నే మందనుకున్నారు. పల్లెటూరు పథ్యం. మందు కూడా పడాలి. ఏడాదైనా తగ్గలేదేమని మీరు దిగులు పడుతున్నది ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్లే.

ఇక కొట్టుగది సంగతి. మీరు రాసింది చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఉక్రెయిన్‌లో సైరన్ మోగినప్పుడు సెల్లార్‌కో మెట్రోకో పరుగెత్తే వ్యవధి లేనివాళ్ళకి ఒక నియమం చెప్తారు, ‘రెండు గోడల నియమం’ అని. మీకూ వీధికీ మధ్య రెండు గోడలు ఉండాలి. బయటి గోడ దెబ్బని ఆపుతుంది, లోపలి గోడ పగిలిన గాజునీ ముక్కల్నీ ఆపుతుంది. అందుకే జనం కిటికీల్లేని నడవలో, స్నానాలగదిలో పరుపులు వేసుకుని పడుకుంటారు. ఖార్కివ్ రష్యా సరిహద్దుకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అవతలి నుంచి వదిలిన రాకెట్ రావడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు. ఒక్కోసారి ముందు పేలుడు వినిపించి తర్వాత సైరన్ మోగుతుంది. మీ మనవరాలు మీ ఇల్లంతా చూసి, కిటికీ లేని గదేదో, రెండు గోడల వెనక ఉన్న గదేదో తనంతట తను కనిపెట్టింది. మొండితనం కాదమ్మా అది. నాలుగేళ్ళప్పుడు తన ప్రాణం నిలబెట్టిన పాఠాన్ని ఆ చిన్న ఒళ్ళు ఇంకా మర్చిపోలేదు. మనసు మర్చిపోయినా ఒళ్ళు మర్చిపోదు.

కాబట్టి కొట్టుగదిలోంచి లాక్కురావద్దు. ఆ గదిని ఆమెది చెయ్యండి. బియ్యం డబ్బా ఇంకో చోట పెట్టించి, చాప కింద బొంత వేసి, ఒక చిన్న లైటు పెట్టండి. కొన్నాళ్ళు మీరో వాళ్ళమ్మో పక్కన పడుకోండి. తర్వాత చాప గుమ్మం దగ్గరికి, ఆ తర్వాత నడవలోకి. ఎప్పుడు జరపాలో పాపే చెప్పాలి. మూడు నెలలు పట్టినా పట్టనివ్వండి.

కొబ్బరికాయల చప్పుడు దగ్గరికొద్దాం. మీ ప్రాంతం వాళ్ళకి ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్, గ్యాసు బావి అదుపు తప్పి ఎగసిన ఆ మంట, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మంట అరవై రోజులకు పైగా ఆరలేదు. ఆ హోరు, రాత్రిని పగలు చేసిన ఆ వెలుతురు, ఊళ్ళు ఖాళీ చేసి పిల్లల్ని చంకనేసుకుని పోయిన జనం. అప్పట్లో అక్కడ పిల్లలుగా ఉండి, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు గ్యాసు పొయ్యి భగ్గుమంటే చాలు వెనక్కి గెంతిన ఆడవాళ్ళతో నేను మాట్లాడాను. మంట ఆరిపోయిందని వాళ్ళకి తెలియక కాదు. చప్పుడు చెవిలో పడ్డాక, ‘ఇది అది కాదు’ అని బుద్ధి చెప్పేలోపే ఒళ్ళు పరుగు మొదలెడుతుంది. మీ పాపదీ అదే. రేకుల షెడ్డు మీద కాయ పడితే ఆ ఒంటికి అది కాయ కాదు.

ఈసారి దింపుకి ఇలా చెయ్యండి. ముందురోజే పాపకి చెప్పండి, ‘రేపు పొద్దున్న దింపు తీస్తారు, చాలా కాయలు పడతాయి, చప్పుడవుతుంది’ అని. చెప్పకుండా వచ్చిన చప్పుడే ఆమెకి శత్రువు. తెల్లారాక తోట గట్టు మీద, ఎంత దూరంలో నిలబడాలో పాపనే ఎంచుకోనివ్వండి. వాళ్ళ నాన్నో మీరో చెయ్యి పట్టుకోండి. చెట్టెక్కే అతనితో మాట్లాడి, ప్రతి గెల కొట్టే ముందు గట్టిగా ఒక కేక వెయ్యమనండి. కేక, తర్వాత చప్పుడు, తర్వాత కింద కాయ. ఈ వరస కళ్ళతో చూడాలి. ఓపిక కుదిరితే కాయలు లెక్కపెట్టమనండి. పది కాయలకే ‘చాలు మామ్మా’ అంటే వెంటనే ఇంటికి తీసుకొచ్చెయ్యండి. మొదటిసారి పది చాలు. దీపావళికీ, సంక్రాంతికీ, ఊళ్ళో పెళ్ళిళ్ళకీ ఇదే పద్ధతి: ముందు చెప్పడం, దగ్గర ఉండటం, వద్దన్నప్పుడు ఆపెయ్యడం. మీ వీధిలో టపాకాయలు కాల్చే పిల్లల్ని పిలిచి, ఎన్నింటికి కాలుస్తారో ముందు చెప్పమని అడగండి. పిల్లలు అలాంటివి పెద్దలకంటే బాగా పాటిస్తారు.

పక్క తడపడం గురించి ఒక్క మాటే. తిట్టొద్దు, పదిమందిలో ఎత్తొద్దు, దుప్పటి మార్చి ఊరుకోండి. భయం తగ్గితే చాలామందిలో అదే తగ్గుతుంది. తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించి మూత్రపరీక్ష చేయించండి.

ఇక కోడలు. ఫోను మాన్పించమంటారా అని అడిగారు. అమ్మా, 2022 ఫిబ్రవరి 24 నుంచి మీ అబ్బాయి ఫ్లైటు దిగేదాకా మీరేం చేశారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. టీవీ ముందు నుంచి లేచారా? ఫోను పక్కన పెట్టి కంటినిండా నిద్రపోయారా? ఎవరైనా వచ్చి ‘నీ ఆరోగ్యం పాడవుతుంది, ఆ ఫోను ఇలా ఇచ్చెయ్’ అంటే ఇచ్చేవారా? మీ జాగారం వారం పది రోజుల్లో ముగిసింది. ఆమెది ఇంకా ముగియలేదు. మనకంటే అక్కడ రెండున్నర గంటలు వెనక, చలికాలంలో మూడున్నర గంటలు. అక్కడ అర్ధరాత్రి దాడులు జరిగే వేళకి మీ ఇంట్లో తెల్లవారుజామవుతుంది. అందుకే మీరు లేచేసరికి ఆమె ఇంకా కూర్చునే ఉంటుంది. ఆమె ఫోనులో ఉన్నది బహుశా ఏ ప్రాంతంలో సైరన్ మోగుతోందో చెప్పే యాప్. మీ మనవరాలికి యుద్ధం చప్పుళ్ళలో మిగిలింది. మీ కోడలికి అది అసలు అయిపోలేదు. అయిపోని యుద్ధాన్ని మర్చిపొమ్మని ఎవరం చెప్పగలం?

ఫోను లాక్కోకండి, కాపలా పంచుకోండి. మీ అబ్బాయితో ఆ యాప్ అతని ఫోనులో కూడా పెట్టించండి. ఒక రాత్రి ఆమె, ఒక రాత్రి అతను. ‘నువ్వు పడుకో, ఏమైనా ఉంటే నేను లేపుతాను’ అనే మాట అతని నోటి నుంచి రావాలి. రోజూ ఒకే వేళకి వాళ్ళమ్మతో వీడియో కాల్ మాట్లాడే ఏర్పాటు చెయ్యండి. అప్పుడు మీరూ వెళ్ళి ఆ తెరలో కనిపించండి. భాష రాకపోతే ఏం, వియ్యపురాలికి దణ్ణం పెట్టి, మనవరాలు వేసుకున్న జడ చూపించండి.

మీ ఉత్తరంలో మధ్యలో ఒక వాక్యం రాసి మీరు దాటేశారు. కోడలు వచ్చిన కొత్తలో దొడ్లో గునపం పట్టుకుని తవ్వుతుంటే ‘మట్టి పని నీకెందుకమ్మా, చూసినవాళ్ళు ఏమనుకుంటారు’ అని మీరు ప్రేమతోనే ఆపి, అక్కడ మల్లె అంట్లు పెట్టించానని. ఈ ఉత్తరం మొత్తంలో నాకు అతి ముఖ్యంగా కనిపించింది అదే. వాళ్ళ దేశంలో నగరాల్లో అపార్ట్‌మెంట్లలో ఉండే కుటుంబాలకి ఊరి బయట చిన్న చెక్క ఇల్లూ కాస్త నేలా ఉండటం మామూలు. దాన్ని దాచా అంటారు. సోవియట్ రోజుల్లో ఒక్కో కుటుంబానికి ఇచ్చింది ఎక్కువగా ఆరు సోత్కలు, అంటే మన లెక్కలో దాదాపు 15 సెంట్లు. శని ఆదివారాలు అక్కడికి పోయి బంగాళాదుంపలు, దోసకాయలు, టమాటాలు, బీట్‌రూట్ పండించుకుంటారు, శీతాకాలానికి సీసాల్లో ఊరబెట్టుకుంటారు. మీ కోడలు గునపం పట్టిన రోజు కూలిపని చెయ్యడానికి పట్టలేదు. వాళ్ళ అమ్మమ్మ చేసిన పని చెయ్యడానికి పట్టింది. మల్లెలు ఇంకో చోట నాటండి. ఆ రెండు సెంట్లూ ఆమెకి తిరిగి ఇవ్వండి. వాళ్ళ వంటల్లో చాలావాటి మీద చల్లే ఆకు ఒకటుంది, హైదరాబాద్‌ వైపు సోయకూర అంటారు, ఇంగ్లీషులో డిల్. మీ వైపు అంతగా వాడరు గానీ చలికాలంలో చక్కగా వస్తుంది. గింజలు తెప్పించి మీ చేత్తో ఇవ్వండి.

పాప ఇప్పుడు చక్కటి గోదావరి తెలుగు మాట్లాడుతోందనీ, తల్లి తన భాషలో పలకరిస్తే తెలుగులో జవాబిస్తోందనీ సంతోషంగా రాశారు. ఆ తల్లి ముఖం ఒకసారి చూడండి. ఖార్కివ్‌లో చాలా ఇళ్ళల్లో రష్యన్ మాట్లాడేవాళ్ళు. యుద్ధం వచ్చాక ఎందరో పట్టుబట్టి ఉక్రేనియన్‌కి మారిపోయారు. పాపకి ఏ భాష నేర్పాలో తేల్చుకోలేక ఆమె ఊరుకుంటోందేమో. అది ఆమె తేల్చుకోవాల్సిన విషయం, మీరు చెయ్యగలిగింది అడగడం. ‘నువ్వు పాపకి జోల ఏ భాషలో పాడేదానివి?’ అని అడిగి చూడండి.

కాకినాడ మాత్రం వద్దు. దయచేసి వద్దు. 1939 సెప్టెంబర్‌లో బ్రిటన్ సుమారు 15 లక్షల మందిని బాంబుల భయంతో నగరాల నుంచి పల్లెలకి తరలించింది. వాళ్ళలో ఎక్కువమంది తల్లిదండ్రులు వెంట లేని పిల్లలే. ఆ యుద్ధకాలంలో లండన్‌లో పసిపిల్లల ఆశ్రయాలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ దగ్గరుండి గమనించి రాసిందేమిటంటే, తల్లి పక్కనుంటే చాలామంది పిల్లలు బాంబు దాడిని కూడా తట్టుకున్నారు, వాళ్ళని బాగా దెబ్బతీసింది తల్లి నుంచి విడిపోవడం. మీ అమ్మాయి ఎంత ప్రేమగా చూసుకున్నా, పాపకి అర్థమయ్యేది ఒక్కటే: మళ్ళీ ఇల్లు పోయింది, ఈసారి అమ్మ కూడా.

మీ అబ్బాయి ‘బానే ఉన్నాం’ అన్న మాట నమ్మకండి, అలాగని నిలదియ్యకండి. భార్యాబిడ్డల్ని దాటించుకుని వచ్చినవాడు తన భయాన్ని తను చూసుకునే తీరిక లేక దాన్ని మందులో ముంచుతుంటాడు. పనిలో పక్కన ఉండి మాట్లాడితే మగవాళ్ళు కొంచెం నోరు విప్పుతారు. చెరువు మీద మేత వేసే వేళకి మీరూ వెళ్ళండి. ‘ఆ రోజు స్టేషన్లో ఏమైందిరా’ అని ఒక్కసారి అడిగి, అతను చెప్పినా చెప్పకపోయినా పక్కనే ఉండండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఇంక వాయిదా వెయ్యొద్దు. ఏడాది అయినా తగ్గని నిద్రలేమి, ఉలికిపాటు పల్లెగాలికి పోయేవి కావు. ముందుగా 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి కూడా ఉంటారు. కాకినాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ ట్రామా ఫోకస్డ్ సీబీటీ, ఈఎండీఆర్ లాంటి, భయంకరమైన అనుభవాల నుంచి కోలుకోవడానికి మందుబిళ్ళలు లేకుండా చేసే మానసిక చికిత్సా పద్ధతులు తెలిసినవాళ్ళు ఎవరున్నారో అడగండి. పిల్లలకీ పెద్దలకీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పద్ధతులివి. కోడలికి మాత్రం ఆమె మాతృభాషలో మాట్లాడే కౌన్సెలర్‌ని వీడియోలో వెతకమని మీ అబ్బాయికి చెప్పండి. ఏడుపు పరాయి భాషలో రాదు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనడం మాత్రం ఎవరికీ వద్దు.

ఇంకోటి. మీ ఇంటికి చుట్టాలు వస్తారు, వీధిలోవాళ్ళు వస్తారు, ‘బాంబులు చూశావా పాపా’ అని అడుగుతారు, ఫోన్లు తీసి వీడియోలు కూడా తీస్తారు. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. కానీ ఆ ప్రశ్న గుమ్మం దాటకూడదు. ఈ ఇంట్లో వాళ్ళని ఆపగల మనిషి మీరొక్కరే. కాఫీ ఇచ్చి, మాట మార్చి పంపించెయ్యండి.

హైదరాబాద్‌లో మెట్రో ఎక్కిస్తే పాప ‘ఇది పైన ఎందుకుంది, కిందకి ఎలా దిగుతాం’ అని అడిగిందని రాశారు. ఆమెకి తెలిసిన మెట్రో భూమి కింద, వందల మంది పరుపులు వేసుకుని పడుకున్న చోటు. ఖార్కివ్‌లో 2023 సెప్టెంబర్ నుంచి ఆ స్టేషన్లలోనే పిల్లలకి బళ్ళు కూడా నడుపుతున్నారు. ఈసారి పాప అలాంటి ప్రశ్న వేస్తే ‘అవన్నీ ఇప్పుడెందుకు తల్లీ’ అనకండి. ‘అక్కడ మీరు ఎక్కడ పడుకునేవాళ్ళు? పక్కన ఎవరుండేవాళ్ళు?’ అని అడిగి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని వినండి.

కార్తీకం దాటాక, వానలు తగ్గి మట్టి ఆరాక సోయకూర చల్లుకోవచ్చు. వచ్చే దింపు ఎప్పుడో ఇవాళే కనుక్కుని ఆ తేదీ కొట్టుగది తలుపు మీద, పాప చేతే, సుద్దతో రాయించండి.